సింగ్‌నగర్ బడి గోడ మీద మెట్లు

కాలనీ గోడ మీద బొమ్మ వేయాలనుకునే వాళ్లు ఫోను చేసి నన్ను మొదట అడిగేది రంగులకు ఎంతయిందని. మాకు మొత్తం 85 వేల రూపాయలయింది. అందులో రంగులకు, ప్రైమరుకు పోయింది 23 వేలే. మిగతా డబ్బు ఎటు పోయిందో, 2024 నవంబరులో తలపెట్టిన పని 2025 మే దాకా ఎందుకు సాగిందో వరసగా రాస్తున్నాను. ఫోనులో ఇదంతా చెప్పాలంటే గంట పడుతోంది, అయినా సగం మరిచిపోతున్నాను.

నేను ఉండేది విజయవాడ గవర్నరుపేటలో. బొమ్మలు వేస్తాను, సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగు నేర్పుతాను. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడినప్పుడు మా వీధి తడవలేదు. ఫ్లైఓవరు అటు దిగితే పడవలు, ఇటు దిగితే మామూలు ట్రాఫిక్కు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరి ఇళ్లు అటువైపే. దసరా తర్వాత మళ్లీ వచ్చిన ఒక పాప వాళ్ల అమ్మ అడిగిందీ మాట: "మా బడి పక్కగోడ మీద మరక అలాగే ఉండిపోయింది మేడమ్. పిల్లలు రోజూ దాన్నే చూస్తున్నారు. ఏదైనా బొమ్మ వేసి కప్పేయండి." అంటే ఈ పని పుట్టిందే ఒక మరకను కప్పడానికి. తర్వాత కథ అటూ ఇటూ తిరిగింది గానీ మొదట అడిగింది అదే.

గోడ రెండంతస్తుల బడి భవనానిది. 45 అడుగుల పొడవు, 22 అడుగుల ఎత్తు, పడమటి ముఖం. మరక ఆరడుగుల ఎత్తు దాటి ఉంది. చూడగానే నాకు నోరూరిన మాట నిజమే. నవంబరు రెండో వారంలో తెలిసిన తాపీమేస్త్రిని తీసుకెళ్లాను. ఆయన మరక వైపు చూడనే లేదు. తాపీ పిడితో గోడను కింద నుంచి పైకి తట్టుకుంటూ పోయాడు. మోకాళ్ల ఎత్తున ఎండిన కొబ్బరికాయలా బోలుగా మోగింది, తల ఎత్తు దాటాక గట్టిగా పలికింది. తర్వాత నన్ను ఒక పని చేయమన్నాడు. జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు వేసి సాయంత్రం గోడకు అంటించి, మర్నాడు పొద్దున చూడమన్నాడు. చూస్తే కవరు లోపలి వైపు నీటిబొట్లు. వరద తగ్గి రెండు నెలలయినా గోడ ఇంకా నీళ్లు వదులుతూనే ఉంది. అక్కడక్కడ ఉప్పు తెల్లగా పొంగింది. దాన్ని నీళ్లతో కడగబోతే మేస్త్రి కేక వేశాడు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుందట. ఇనుప బ్రష్షుతో పొడిగా గీకి, రాలిన పొడిని చేటలో ఎత్తి దూరంగా పోయాలి.

ఏడడుగుల ఎత్తు దాకా పాత పూత మొత్తం కొట్టేశారు. మళ్లీ సిమెంటు పూత, వారం రోజులు నీళ్లు పెట్టడం, చెత్త ఎత్తించడం అన్నీ కలిపి 28 వేలు. కొత్త పూత డిసెంబరు మొదటి వారానికి పూర్తయింది. "సంక్రాంతి దాకా దీని జోలికి రాకండమ్మా" అన్నాడు మేస్త్రి. కొత్త సిమెంటు పూత కనీసం నాలుగు వారాలు ఆరాలి. లేకపోతే ఎంత ఖరీదైన రంగయినా పొరలు పొరలుగా లేస్తుంది. బొమ్మ కోసం చందా ఇచ్చిన వాళ్లకు ఆ నెలంతా కనిపించింది ఒక బూడిదరంగు గోడ. "రంగులు ఎప్పుడొస్తాయి?" అని పిల్లలు అడిగితే సరదాగానే ఉండేది. పెద్దవాళ్లు అడిగినప్పుడు మాత్రం ఆ గొంతులో వేరే ప్రశ్న ఉండేది.

ఈలోగా అనుమతి. ప్రధానోపాధ్యాయురాలు మంచి మనిషి. తనకు అభ్యంతరం లేదని, పైనుంచి కాగితం మాత్రం కావాలని మొదటి రోజే చెప్పారు. దరఖాస్తు ఇచ్చిన చోట బొమ్మ నమూనా జతచేయమన్నారు. నమూనా కాలనీవాళ్లతో మాట్లాడి తయారు చేస్తామంటే, ఏ బొమ్మో తెలియకుండా అనుమతి ఎలా ఇస్తామన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ కాలనీవాళ్లు "అనుమతి వచ్చాక కూర్చుందాం, ఊరికే మాట్లాడి ఏం లాభం" అంటున్నారు. చివరికి బడి ఎదురుగా ఉన్న టైలరు గారు తన కొట్టు ముందు కుర్చీలు వేయించి, రాత్రి ఏడున్నరకు రమ్మని అందరికీ ఆయనే చెప్పి వచ్చారు. వరదలో ఆయన రెండు మిషన్లు పోయాయి. ఆయన పిలిస్తే కాదనేవాళ్లు అక్కడ లేరు.

మొదటి రాత్రి వచ్చిన కోరికలు: దుర్గమ్మ, అబ్దుల్ కలాం, అల్లూరి, ఒక సినిమా హీరో, ప్రకాశం బ్యారేజీ. దేవుడి బొమ్మ అడగడంలో భక్తి కొంత, గోడ దగ్గర ఎవరూ మూత్రం పోయరన్న ఆశ కొంత. బ్యారేజీ కోరిన పెద్దాయన సెప్టెంబరు 2న అక్కడి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన సంగతి లెక్కతో సహా చెప్పాడు. వెంటనే ఇంకొకాయన లేచి, "మనల్ని ముంచింది కృష్ణ కాదండీ, బుడమేరు. కట్టకు మూడు గండ్లు పడ్డాయి. బ్యారేజీ బొమ్మ వేస్తే చూసేవాళ్లు పొరపాటు పడతారు" అన్నాడు. నాకు ఆ ఇద్దరూ నచ్చారు.

నా మనసులో అప్పటికి నీళ్లూ పడవలూ ఉన్నాయి. స్కెచ్ తీసి చూపించాను. ఒకావిడ దాన్ని చూసి మొహం తిప్పుకుంది. "ఆ నీళ్లు మళ్లీ గోడ మీద ఎందుకమ్మా? నా బిడ్డ ఇప్పటికీ వాన పడితే మంచం దిగదు" అంది. స్కెచ్ మడిచి సంచిలో పెట్టేశాను. ఆ తర్వాత మరక సంగతి వచ్చింది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఒక గీత గీసి తేదీ రాయాలని టైలరు గారి పట్టు. రేపు మళ్లీ వస్తే పోల్చి చూసుకోవాలి కదా అని ఆయన వాదన. ఇద్దరు ఇంటి యజమానులకు అది బొత్తిగా గిట్టలేదు. గీత కనిపిస్తే కింది వాటాలు ఎవరు అద్దెకు తీసుకుంటారు? ఇళ్ల ధర ఏమవుతుంది? అద్దెకున్న వాళ్లు గీత ఉండాలన్నారు, సొంత ఇళ్లవాళ్లు వద్దన్నారు. ప్రభుత్వం నీళ్లు చేరిన కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు ఇచ్చిన విషయం కూడా అందులోకి దూరి, మాట పెరిగి, ఆ రాత్రికి ఏమీ తేలలేదు.

రెండోసారి కూర్చున్నప్పుడు ఏ బొమ్మ కావాలని అడగడం మానేశాను. ఆ తెల్లవారుజామున మేడ మీదికి మొదట ఏం పట్టుకెళ్లారని అడిగాను. ఇక ఆపడం నా వల్ల కాలేదు. రేషను కార్డు, బియ్యం మూట, గ్యాసు సిలిండరు, పదో తరగతి పుస్తకాలు, బీపీ మందుల డబ్బా, మేకపిల్ల, ఇంటి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. ఒక ముసలాయన తెల్లగుడ్డలో చుట్టి తలమీద పెట్టుకుని ఖురాను తీసుకెళ్లాడు. ఒకావిడ పూజ గూటిలో పటాలన్నీ వదిలేసి మిక్సీ పట్టుకెళ్లిందట, ఆ మాట చెప్పి తనే పగలబడి నవ్వింది. ఒకతను ఏం తీసుకెళ్లాడో గుర్తులేదన్నాడు. పక్కనున్న అతని భార్య, "నన్ను" అంది.

బొమ్మ అక్కడ దొరికింది. గోడ నిండా మెట్లు, ఎక్కుతున్న మనుషులు, చేతుల్లో ఆ వస్తువులు. నీళ్లు ఎక్కడా ఉండవు. గీత కూడా ఉండదు. కానీ మెట్లు మొదలయ్యేది సరిగ్గా ఏడడుగుల దగ్గర, కొత్త పూత ఆగిన చోట. తెలిసినవాళ్లకు అది తెలుస్తుంది, అద్దెకు ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకు తెలియదు. టైలరు గారు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు, ఊరుకున్నారు అంతే.

మెట్ల విషయంలోనూ ఒక చిక్కు వచ్చింది. ఒక పై వాటా వాళ్లు ఆ పొద్దున మెట్ల గేటు తాళం తీయలేదని, తాము పక్కింటి ప్రహరీ ఎక్కి వెళ్లామని ఒకామె అందరి ముందూ చెప్పింది. "ఆ గేటు కూడా వేయండి, తాళంతో సహా" అంది. ఆ ఇంటాయన రెండు కుర్చీల అవతలే కూర్చుని ఉన్నాడు. ఆ క్షణంలో నాకు కాళ్లు వణికాయి. గోడ బొమ్మ వేయడం నాకు తెలుసు, ఆ కుర్చీల మధ్య ఉన్నదాన్ని ఏం చేయాలో తెలియదు. చివరికి గేట్లన్నీ తెరిచి వేశాం. ఏప్రిల్‌లో ఆమె వచ్చి చూసి, "బొమ్మలోనైనా తెరిచారు, సంతోషం" అని వెళ్లిపోయింది. ఇది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఆమె అడిగినట్టు ఒక్క గేటు మూసి ఉంచితే బొమ్మ ఇంకా నిజమయ్యేది. కానీ రోజూ ఆ గోడ ముందు నుంచి నడిచేది ఆమె, ఆ ఇంటాయన. నేను కాదు.

ఇక రంగులు. మన రాష్ట్రంలో గోడకు పసుపు వేస్తే ఒక పార్టీ, నీలం పక్కన ఆకుపచ్చ వేస్తే ఇంకొకటి, ఎరుపూ తెలుపూ కలిస్తే మరొకటి. పంచాయతీ కార్యాలయాలకు పార్టీ రంగులు వేయడం కుదరదని 2020లో హైకోర్టు, ఆ వెంటనే సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిన చోట ఉన్నాం మరి. నా రంగుల నమూనా చూసి ఒకాయన చీరల లెక్క తీశాడు, పసుపు చీరలు ఎన్ని, నీలం చీరలు ఎన్ని అని. నవ్వులాట కాదు, నిజంగానే లెక్కపెట్టాడు. ఆకాశం నీలంగా పెద్ద ముక్క ఉంటే ఒకవైపు వాళ్లు, మామిడిపండు రంగు ఎక్కువైతే ఇంకోవైపు వాళ్లు వస్తారని అందరూ భయపెట్టారు. ఆకాశం తీసేసి వెనకంతా లేత ఇసుక రంగు పెట్టాను. బొమ్మకు అదే మేలు చేసింది, మనుషులు ముందుకు వచ్చారు. అడుగున ఏడడుగుల పట్టీకి ఏ రంగు అన్నప్పుడు ఒక మామ్మగారు, "జాజు వేయండమ్మా, మా ఊళ్లో అరుగులకు అదే" అన్నారు. ఎర్రటి జాజు రంగు ఏ పార్టీదీ కాదని అందరూ ఒప్పుకున్నారు. మోటారు సైకిళ్లు రాసుకున్నా, పాన్ ఉమ్మినా ఆ రంగు మీద తెలియదు కూడా.

డబ్బు సంగతి. ఒక సంస్థ లక్ష రూపాయలు ఇస్తామని డిసెంబరులో మాట ఇచ్చింది. జనవరిలో వాళ్ల మనిషి వచ్చి, గోడ మధ్యలో తమ సంస్థ గుర్తు ఆరడుగులు ఉండాలన్నాడు. కింద మూలన అడుగు వెడల్పున వేస్తామంటే మళ్లీ ఫోను చేయలేదు. కాలనీ చందాలు 41 వేలు వచ్చాయి, ఎక్కువగా వంద, రెండు వందల నోట్లు. నా స్నేహితులు 26 వేలు ఇచ్చారు. మిగతా 18 వేలు నేను పెట్టుకున్నాను. నమూనాకూ, నెలల తరబడి నా పనికీ కూలి ఎంత అని ఎవరూ అడగలేదు, చందా పుస్తకంలో ఆ గడే లేదు. మేస్త్రికి రోజుకూలి ఇవ్వాలని అందరికీ తెలుసు. బొమ్మ వేసేవాళ్లకు మాత్రం చప్పట్లు చాలనుకుంటారు. ఇలాంటి పనికి దిగేవాళ్లు మొదటి రోజే తమ కూలిని కాగితం మీద పెట్టండి, తర్వాత కావాలంటే వదులుకోవచ్చు.

సంక్రాంతి తర్వాత కవరు అంటించి చూస్తే లోపల పొడిగా ఉంది. సిమెంటు ఘాటును తట్టుకునే ప్రైమరు ఒక పూత వేశాం. అనుమతి కాగితం నేడో రేపో వస్తుందన్నారని బొగ్గుతో కొన్ని కొలతలు కూడా గీసుకున్నాం. జనవరి 29న పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల స్థానం మనదే. గోడ రాతలన్నీ చెరిపే పనిలో ఎవరో వచ్చి మా బొగ్గు గీతల మీద కూడా సున్నం కొట్టి వెళ్లారు. అవి ప్రచార రాతలని అనుకున్నారేమో. సున్నం మీద ఎమల్షన్ నిలవదు. గోడంతా మళ్లీ గీకాలి, ఇంకో పూత ప్రైమరు వేయాలి. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. ఫిబ్రవరి 27న పోలింగు, కోడ్ ఎత్తేసేసరికి మార్చి. మా కాగితం మార్చి రెండో వారంలో వచ్చింది. ఆ బడి పదో తరగతి పరీక్షా కేంద్రం. 17 నుంచి పరీక్షలు, కాబట్టి చప్పుడు చేయకూడదు. ఇటు రంజాన్ ఉపవాసాలు, అటు మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ పండగ. ఏప్రిల్ మొదటి వారంలో పరంజి కట్టాం. సరుగుడు కర్రలు, పలకలు, కట్టే మనిషి కలిపి 6 వేలు.

నా అదృష్టం బోర్డు ఆర్టిస్టు మాస్టారు దొరకడం. డెబ్బై దాటిన మనిషి. గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేస్తూ మొదలుపెట్టి, ఫ్లెక్సీలు వచ్చాక షట్టర్లకూ లారీ నంబర్లకూ దిగినాయన. నేను నీలిమందులో ముంచిన దారంతో గోడ మీద గడులు కొడుతుంటే, "ఇవి మీకు, నాకొద్దు" అన్నారు. పొడవాటి కర్రకు బొగ్గు కట్టి, ఒక గీత గీయడం, రోడ్డు దాటి వెళ్లి చూడటం, వచ్చి ఇంకో గీత. ఒక గంట లోపలే మేకపిల్లను ఎత్తుకున్న కుర్రాడు గోడ మీద నిలబడ్డాడు. నా గడుల్లో నేనింకా చేతులు లెక్కపెట్టుకుంటున్నాను. స్టెయినర్ల గురించి, అంటే తెల్లరంగులో కలిపే చిక్కటి రంగుల గురించి, ఆయన చెప్పినవి ఏ కళాశాలలోనూ నాకు చెప్పలేదు. తెల్ల ఎమల్షన్‌లో స్టెయినరు మోతాదు మించితే రంగు ఆరినట్టే ఉంటుంది, రుద్దితే చేతికి వస్తుంది. ముదురు రంగు కావాలంటే దుకాణంలో మిషను మీద కలిపించుకోవాలి. మెరిసే ఎరుపు, వంగపండు రంగులు మన ఎండకు ముందు వెలిసిపోతాయి, ఆక్సైడు ఎరుపు, ఆక్సైడు పసుపు నిలుస్తాయి. ఆయనకు ఇచ్చింది 20 వేలు. ఆయన చేతికి అది తక్కువ.

పడమటి గోడ కాబట్టి పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా నీడ. మధ్యాహ్నం దాటితే గోడను తాకలేం. బ్రష్షు మీదే రంగు ఎండిపోతుంది. సెలవులు ఇవ్వగానే బడికి తాళం పడింది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేకుండా పోయింది. టైలరు గారి ఇంట్లోవాళ్లు తలుపు తెరిచి ఉంచారు కాబట్టి పని సాగింది. ఇది ముందుగా ఆలోచించుకోవాల్సిన విషయం, ఏ ప్రాజెక్టు కాగితంలోనూ ఉండదు. టీలు, టిఫిన్లు 8 వేలు.

పిల్లలను పరంజి ఎక్కనివ్వలేదు. అందుకని అడుగు పట్టీ వాళ్లది, వాళ్ల అమ్మలది. జాజు రంగు రెండు పూతలు ఆరాక దానిమీద ముగ్గు వేయాలన్నారు. నిలువు గోడ మీద ముగ్గుపిండి నిలవదు. బ్రష్షు ఇస్తే ఆడవాళ్ల చేతులు మొద్దుబారిపోయాయి, గీత వంకర పోతోంది. ఇంటర్ చదివే ఒక అమ్మాయి పండక్కి వీధి మొత్తానికీ మెహందీ పెట్టింది. మెహందీ కోన్ చుట్టినట్టే ప్లాస్టిక్ కాగితాన్ని చుట్టి, తెల్ల ఎమల్షన్‌లో కాస్త పుట్టీ కలిపి చిక్కగా చేసి అందులో నింపింది. మొదటిది మరీ పలచనై కిందికి కారింది. రెండోదానికి పుట్టీ ఇంకో చెంచా వేసింది. కొన కత్తిరించి, బొటనవేలితో నొక్కుతూ పోతే గీత సన్నగా, ఉబ్బెత్తుగా, తెగకుండా వచ్చింది. ఆ తర్వాత నాకు అక్కడ పనే లేదు. మామ్మగారు చుక్కలు పెట్టించారు, ఆ అమ్మాయి కోన్లు చుట్టి ఇస్తూనే ఉంది, మెలికల ముగ్గులు పట్టీ పొడవునా పాకాయి. మధ్యలో ఒకచోట మామిడిపిందెల మెహందీ తీగ ముగ్గులోకి కలిసిపోయింది. ఎక్కడ కలిసిందో కనిపెట్టాలంటే దగ్గరికి వెళ్లి చూడాలి.

మే మొదట్లో ఒక సాయంత్రం గాలివానకు పరంజి ఒక పక్కకు వాలింది. అదృష్టవశాత్తూ ఎవరూ పైన లేరు. ఆ పొద్దున వేసిన రంగు కొంత కారింది, మిక్సీ పట్టుకున్నావిడ చీర మళ్లీ వేశాం. ఆవిడ రంగు మార్చమని ఒత్తిడి చేసి మార్పించుకుంది కూడా. మే రెండో వారంలో పరంజి విప్పేశాం. రిబ్బను ఎవరు కత్తిరించాలన్న చర్చ రెండు రోజులు నడిచి, ఇద్దరు నాయకుల పేర్లు వచ్చి, చివరికి రిబ్బనే లేకుండా పోయింది.

జులైలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని ఎవరో బొమ్మకు అడ్డంగా కట్టారు. నాకు ఫోను వచ్చేలోపే కాలనీ కుర్రాళ్లు దాన్ని విప్పి, చింపకుండా మడిచి, కట్టినవాళ్ల ఇంట్లోనే ఇచ్చి వచ్చారట. ఆ తెలివి నాకు ఉండేది కాదు. వానాకాలం చివర్లో గోడను చూసి వచ్చాను. పై బొమ్మ బాగానే ఉంది. అడుగున ఒకచోట, నీటి గొట్టం పక్కన, ఉప్పు మళ్లీ కొంచెం పొంగింది. గొట్టం కారుతోంది, అది బాగు చేయిస్తేగాని మళ్లీ రంగు వేసి లాభం లేదు. ప్లంబరు 1,200 అడిగాడు. మిగిలిన జాజు రంగు అరబకెట్టు బడి స్టోరు గదిలో ఉంది, తాళంచెవి టైలరు గారి దగ్గర. దసరా సెలవుల్లో పెట్టుకుందామన్నారాయన. ఈసారి గోడ మూలన ఒక చిన్న గీత గీసి తేదీ రాస్తానని కూడా అన్నారు.